తక్కెడ బాబాయ్ మూడు ఇళ్ళు

తక్కెడ బాబాయ్‌కి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. దేన్నీ ఒంటరిగా చూడలేడు. ఏది కనబడినా దాని పక్కన ఇంకోటి పెట్టి తూచాల్సిందే. కూర ఎలా ఉందని భార్య అడిగితే "దేనితో పోలిస్తే?" అంటాడు. ఒంట్లో ఎలా ఉందని డాక్టరు అడిగినా అదే జవాబు. పోనీ ఆ పోలిక వేరే కూరతోనో, కిందటేటి జ్వరంతోనో ఆగుతుందా అంటే ఆగదు. ఎక్కడ మొదలైనా సరే, తిరిగి తిరిగి ప్రోగ్రాములు రాసే భాషల దగ్గరికీ, ఆ రాతను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ల దగ్గరికీ వచ్చి చేరుతుంది. ఏ భాష బరువు, ఏది తేలిక, ఆ బరువు చివరికి ఎవరి నెత్తిన పడుతుంది అన్నదే ఆయన లోకం. అందుకే ఆఫీసులో తక్కెడ అన్న పేరు స్థిరపడింది. వయసుకు మర్యాదగా బాబాయ్ అని చేర్చారు. ఆ పేరు తనకు తెలియనట్టు ఆయనా, తెలిసిపోయిందని తమకు తెలియనట్టు మిగతావాళ్ళూ చాలాకాలంగా నెట్టుకొస్తున్నారు.

ఆ కంపెనీ పని లిఫ్టులను నడిపించే పెట్టెలు తయారు చేయడం. బొత్తాం నొక్కగానే ఏ అంతస్తుకు వెళ్ళాలి, తలుపు ఎప్పుడు తెరవాలి, బరువు ఎక్కువైతే ఏం చేయాలి, ఇవన్నీ చూసుకునే ప్రోగ్రాము ఆ పెట్టెలో ఉంటుంది. తాతల నాటి భాగమంతా సి భాషలో ఉంది. తరువాత వచ్చినవాళ్ళు సి ప్లస్ ప్లస్‌లో కొంత రాశారు. ఇప్పటి కుర్రకారు రస్ట్‌లో రాస్తున్నారు. మూడూ ఒకే పెట్టెలో కాపురం చేయాలి. పోలికల పిచ్చి ఉన్న మనిషికి ఇంతకంటే మంచి ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది?

ఆ ఆఫీసులోకి టీచరమ్మ వచ్చింది. అది ఆవిడ పేరు కాదు, పాత ఉద్యోగం. చాలా ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పింది. బడి మూతపడ్డాక, కూతురిని నిద్రపుచ్చి, తెల్లవారుజామున లేచి ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. పరీక్షలో నెగ్గింది, ఉద్యోగం దొరికింది. కాని ముందు కొన్నాళ్ళు చూస్తాం, పనికొస్తేనే ఉంచుతాం అన్నారు. బడిలో తరగతులు నడిపించిన మనిషి, ఇక్కడ చివరి కుర్చీలో కూర్చుని పెన్ను గట్టిగా పట్టుకునేది.

మొదటి మీటింగులో మాట్లాడినవాడు మెరుపు. ఆ కుర్రాడి వేళ్ళు కీబోర్డు మీద కనబడవు, అందుకే ఆ పేరు. మాట కూడా అంతే వేగం. బ్రేకును చూసుకునే భాగాన్ని సి లోనే ఉంచాలా, రస్ట్‌లోకి మార్చాలా అన్నది ఆ రోజు సంగతి. రస్ట్ వాళ్ళ మాటలన్నీ వరసపెట్టి, ఓనర్‌షిప్ అన్నాడు, లైఫ్‌టైమ్ అన్నాడు, అన్‌సేఫ్ అన్నాడు. అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు. టీచరమ్మ పెన్ను ఆగిపోయింది. ఇక్కడ నేనెందుకున్నాను అనుకుంటుండగా, బల్ల అవతల నుంచి ఒక చెయ్యి లేచింది.

"ఒక్క నిమిషం. నాది కాస్త మందబుద్ధి. సి లో అయితే ఎలా, రస్ట్‌లో అయితే ఎలా, పక్కపక్కన పెట్టి చూద్దామా?"

మెరుపు తల బల్లకు ఆనించేశాడు. మేనేజరు గడియారం చూసుకున్నాడు. తక్కెడ బాబాయ్ కుర్చీ ముందుకు జరుపుకుని తన మూడు ఇళ్ళు ఎత్తుకున్నాడు.

సి అంటే ఒంటరి పెదనాన్న ఇల్లు. ఒకటే గది, ఒక మంచం, ఒక పొయ్యి. ఏది ఎక్కడుందో కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. పైన డాబా ఉంది గాని పిట్టగోడ లేదు. కంపైలర్ ఏమంటుంది? "పెద్దవాడివి, నీకు తెలియదా" అని ఊరుకుంటుంది. పడితే పడతావు. ఇక సి ప్లస్ ప్లస్ ఉమ్మడి కుటుంబం ఇల్లు. తరానికో గది కట్టారు గాని, పాత గది ఒక్కటీ కూల్చలేదు. ఎందుకంటే ఎవరో ఒకరు ఇంకా అందులో పడుకుని ఉంటారు. ఆ ఇంటి పెద్దకోడలు కంపైలర్. ఎవరికి చక్కెర ఎక్కువ, ఎవరితో ఎవరు మాట్లాడరు, అన్నీ ఆవిడే గుర్తుపెట్టుకోవాలి. ఆ హడావిడిలో నువ్వన్నది ఆవిడకు ఇంకోలా చేరుతుంది, నువ్వు ఒక పెట్టె తయారు చేశాననుకుని లైను రాస్తావు, ఆవిడకేమో అది పెట్టె తెచ్చే మనిషి పేరులా వినబడుతుంది. రస్ట్ మేనత్త ఇల్లు. మేనత్త గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. ఎక్కడికి, ఎవరితో, ఆ గొడుగు ఎవరిది, ఎప్పుడు తిరిగిస్తావు? అన్నీ చెబితే గాని గడప దాటనివ్వదు. ప్రాణం విసిగిపోతుంది. దాటాక మాత్రం వానలో తడవవు.

"చిక్కు ఎక్కడికీ పోదు" అన్నాడు చివరికి. "పెదనాన్న ఇంట్లో నువ్వు మొయ్యాలి. మేనత్త ఇంట్లో ఆవిడ సగం మోస్తుంది, అందుకే అంత సణుగుడు."

టీచరమ్మ పెన్ను మళ్ళీ కదిలింది. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టయింది. ధైర్యం వచ్చి, మరి మూడింట్లో ఏది మంచిదండీ అని అడిగింది.

"దేనితో పోలిస్తే?" అన్నాడు బాబాయ్.

ఆ రోజు ఇంటికి వెళుతూ ఆవిడ ఆయన గురించి ఒక నిర్ణయానికి వచ్చింది. పాపం, మంచివాడు, ఏమీ తెలియదు. ఏదో పాతకాలం మనిషి అని కంపెనీ ఉంచుకుంది. ఆయన అజ్ఞానం చల్లగా ఉండాలి, దాని నీడలో తన అజ్ఞానం కూడా బతికిపోతుంది.

అలాగే బతికిపోయింది కూడా. మీటింగు మీటింగుకీ ఆయన చెయ్యి లేచేది. టీచరమ్మ అదృష్టమేమో గాని, సరిగ్గా ఆవిడకు మాట అందని చోటే ఆయనకూ అందేది కాదు. రస్ట్ కంపైలర్ పని ముగించేలోపు టీ తాగి కప్పు కూడా కడుక్కుని రావచ్చుననీ, సి కంపైలర్ కప్పు ఎత్తకముందే అయిపోయిందంటుందనీ, ఆ మిగిలిన తీరుబడి అంతా తరువాత తప్పులు వెతకడానికి ఖర్చవుతుందనీ ఆవిడకు అలాగే తెలిసింది. ఒకసారి, మంటలంటుకుంటే ఎలా బయటపడాలో కసరత్తు జరిగింది. గంట మోగగానే అందరూ మెట్లు దిగి పెరట్లోకి పరుగెడుతుంటే, బాబాయ్ మెట్ల మధ్యలో నిలబడిపోయాడు. మెట్లు సి లాంటివట, ఎంతమంది ఎక్కినా అడగవు, కాలు విరిగితే నీ ఖర్మ. లిఫ్టు రస్ట్ లాంటిదట, బరువు ఎక్కువైతే కూత పెట్టి కదలనే కదలదు, కోపం వస్తుంది గాని తెగిపడదు. వెనకున్న వరస అంతా ఆగిపోయింది. ఆ కసరత్తులో ఆఫీసు మొత్తం కాలిపోయినట్టు లెక్క కట్టి, అందుకు కారణం పోలిక అని రాసుకున్నారట.

మేనేజరు మంచివాడే. కాని మీటింగులు మరీ సాగుతున్నాయని అతనికి పైనుంచి చీవాట్లు పడుతున్నాయి. దానికి తోడు ఒక ఆసుపత్రివాళ్ళు కొత్త లిఫ్టులు చూడటానికి వస్తున్నారు. మంచాల మీద రోగులను తీసుకెళ్ళే లిఫ్టులు, ఆ పని చేజారితే ఈ జట్టునే ఉంచుతారో లేదో తెలియదు. మెరుపు కూడా ఇలా అయితే పని సాగదని తెగేసి చెప్పాడు. చివరికి మేనేజరు పాము చావకుండా, కర్ర విరగకుండా ఒక ఉపాయం ఆలోచించాడు. పై అంతస్తులో కంపైలర్ల విభాగం ఉంది. లిఫ్టు పెట్టెలోని చిన్న చిప్పుకు తగ్గట్టు కంపైలర్లను మలిచేవాళ్ళు వాళ్ళు. కొన్నాళ్ళు వాళ్ళకు సాయం చేయమని బాబాయ్‌ని అడిగాడు. అక్కడ ఇక్కడికంటే బాగుంటుందని నచ్చజెప్పాడు.

"దేనితో..." అనబోయి, బాబాయ్ ఆగిపోయాడు. తలూపి, తన టీ కప్పు తీసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఇక మీటింగులు గాలిలో తేలిపోయాయి. టీ చల్లారేలోపే ముగిసేవి. మెరుపు చెప్పేవాడు, అందరూ తలూపేవారు, మేనేజరు శభాష్ అనేవాడు. టీచరమ్మ కూడా ఊపింది. అందరికీ అర్థమైన చోట తానొక్కతే ఎలా అడుగుతుంది? పైకి వెళ్ళి బాబాయ్‌ని అడుగుదామని ఒకసారి మెట్లెక్కింది. మలుపు దగ్గర మెరుపు ఫోను చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. ఆవిడను చూడగానే, పైన నీళ్ళు చల్లగా ఉంటాయని చెప్పి గబగబా దిగిపోయాడు. ఆవిడా దిగిపోయింది. ఇంకోసారి అదే మలుపులో మేనేజరు కనబడ్డాడు. మెట్లెక్కితే మోకాళ్ళకు మంచిదన్నాడట డాక్టరు. మోకాళ్ళ కోసం ఎక్కేవాడు సగంలో ఎందుకు నిలబడ్డాడో ఆవిడ అడగలేదు.

ఆసుపత్రివాళ్ళు రావడానికి ముందు, ఆఫీసు వెనక పరీక్షల కోసం కట్టిన టవరులోని లిఫ్టులో మేనేజరు, మెరుపు, టీచరమ్మ ముగ్గురూ ఎక్కారు. పొద్దున్నించీ పైకీ కిందికీ చక్కగా తిరిగింది. మేనేజరు మొహంలో వెలుగు వచ్చింది. మధ్యాహ్నానికి రెండు అంతస్తుల నడుమ ఆగి, మరి కదలలేదు. ప్రమాదమేమీ లేదు, దీపం వెలుగుతూనే ఉంది. బయటి మెకానిక్కులు తలుపు తెరిచేదాకా కూర్చోవాలంతే.

మెరుపు ఒళ్ళో కంప్యూటరు తెరిచి చూశాడు. మెమరీ నిండిపోయింది. తలుపుల సంగతి మోసుకొచ్చే చిన్న చిన్న పొట్లాలు రస్ట్ వైపు నుంచి సి వైపుకు వస్తున్నాయి. వాడేశాక వాటిని ఎవరూ పారేయడం లేదు. పొద్దున్నించీ పేరుకుని, పేరుకుని, ఇక చోటు లేక పెట్టె చేతులెత్తేసింది.

రస్ట్ వైపు రాసింది మెరుపు, సి వైపు రాసింది టీచరమ్మ.

"మీరు పారేస్తారనుకున్నాను" అన్నాడు మెరుపు. "గడప దాటి మీ చేతికొచ్చాక అవి మీవే కదా."

"రస్ట్ తన సామాను తనే సర్దుకుంటుందని నువ్వే అన్నావు. అందుకని నేను ముట్టుకోలేదు."

"మీటింగులో చెప్పానండీ. మీరు తలూపారు."

"నువ్వు అంత ధీమాగా చెబుతుంటే ఊపాను. అర్థమై ఊపలేదు."

మెరుపు కంప్యూటరు మూశాడు. తరువాత చిన్న గొంతుతో, ఆ హద్దు దగ్గర ఏమవుతుందో తనకూ పూర్తిగా తెలియదన్నాడు. మేనేజరు గారు ఊపారు కదా, సరిగ్గానే ఉండి ఉంటుందనుకున్నాడట.

ఇద్దరూ మేనేజరు వైపు తిరిగారు. ఆయన తేలు కుట్టిన దొంగలా లిఫ్టు బొత్తాలను చూస్తున్నాడు.

"నాకు బాబాయ్ పై అంతస్తుకు వెళ్ళిన రోజు నుంచి ఒక్క ముక్క అర్థం కాలేదు" అన్నాడు. "ఆయన పోలికలకు పైకి విసుక్కునేవాడిని. అవి విన్నాకే నాకూ అర్థమయ్యేది."

అప్పుడు మెరుపు కూడా తన చల్లని నీళ్ళ సంగతి ఒప్పుకున్నాడు. ముగ్గురూ బాబాయ్‌ని అడగబోయి ఒకే మలుపు దాకా వెళ్ళి, ఒకే సిగ్గుతో తిరిగి వచ్చారన్నమాట. మెకానిక్కులు తలుపు తెరిచేసరికి, లోపల ఇరుక్కున్న ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. గాలి చాలక ఏమైనా అయిందేమోనని వాళ్ళు కంగారు పడ్డారు.

బాబాయ్‌ని వెనక్కి పిలుచుకురమ్మని మేనేజరు టీచరమ్మను పంపాడు. తను వెళ్ళడానికి మొహం చెల్లలేదు. ఆవిడ ఈసారి మలుపు దాటి పైకి వెళ్ళింది. కంపైలర్ల విభాగంలో ఎవరూ తలెత్తలేదు. వాళ్ళ పెద్దావిడ, నెరిసిన జుట్టు, గొలుసు కట్టిన కళ్ళజోడు, కిటికీ పక్కన కూర్చుని ఉంది. పోలికలు చెబుతుంటారే, ఎప్పుడూ మాట్లాడుతుంటారే, ఆ బాబాయ్ గారు కావాలని టీచరమ్మ అడిగింది.

పెద్దావిడ ఎవరని అడిగి, పేరు విని, కళ్ళజోడు దించి చూసింది.

"ఆయనా? ఆయన మాట్లాడతాడా? ఇక్కడ ఆయన్ని మౌనముని అంటాం. వచ్చినప్పటి నుంచి అడిగినదానికి ఔను, కాదు తప్ప మూడో మాట లేదు."

టీచరమ్మ నమ్మలేదు. రస్ట్‌నీ సి నీ పోల్చలేదా అని అడిగింది.

"మాకు పోల్చి చెప్పేదేముందమ్మా? ఈ కంపైలర్‌ను మొదట మలిచినవాళ్ళలో ఆయనొకడు. నాకు పని నేర్పిందీ ఆయనే. ఇప్పుడిక్కడ తెలియనివాళ్ళెవరూ లేరు" అని, ఒక క్షణం ఆగి, నవ్వింది. "నేను చేరిన కొత్తలో మాత్రం తెగ పోల్చేవాడు. అప్పట్లో మహా వాగుడుకాయ."

టీచరమ్మ పక్కనున్న కుర్చీలో కూర్చుంది. బడి గుర్తొచ్చింది. వెనక బల్ల మీద ఒక పాప చూపు చెదిరితే, ఆ పాపను నిలబెట్టి ఏనాడూ అడిగేది కాదు. "అయ్యో, నేనే మరిచిపోయానర్రా, మళ్ళీ మొదటినుంచి చేద్దాం" అనేది. ఏళ్ళ తరబడి పిల్లల దగ్గర తాను ఆడిన నాటకమే, తన ముందు వేరేవాళ్ళు ఆడుతుంటే పోల్చుకోలేకపోయింది. ఆయన చెయ్యి లేచిన ప్రతిసారీ ముందు తన పెన్ను ఆగింది. కొన్నిసార్లు మెరుపు నోరు తడబడింది. కొన్నిసార్లు మేనేజరు అనవసరంగా గడియారం చూశాడు. ఆయన అన్నీ చూశాడు.

బాబాయ్ వెనక గదిలో కాఫీ యంత్రం ముందు నిలబడి, రెండు బొత్తాల్లో ఏది నొక్కాలో తేల్చుకోలేకపోతున్నాడు. టీచరమ్మ లిఫ్టు ఆగిన సంగతి చెప్పింది. తరువాత నేరుగా అడిగింది, ఇదంతా మా కోసమేనా అని.

"అబ్బే, అదేం లేదు. పోల్చకపోతే నాకు తోచదు, అంతే."

"మరి ఇక్కడ ఎలా తోచింది బాబాయ్ గారూ?"

దొరికిపోయిన పిల్లాడిలా నవ్వాడాయన. కడుపు ఉబ్బిపోతోందన్నాడు. ఇంటికి వెళ్ళగానే కూరలూ, కిటికీలూ, పక్కింటివాళ్ళ సైకిళ్ళూ పోల్చి పోల్చి భార్య ప్రాణం తీస్తున్నాడట. ఆవిడ మీ ఆఫీసువాళ్ళకు దణ్ణం పెడతాను, తిరిగి తీసుకోమనండి అంటోందట. ఆ తరువాత కాఫీ సంగతి మరిచి, మెల్లగా చెప్పాడు.

"తెలియనివాడికి అడగాలంటే సిగ్గమ్మా. ఎవరో ఒకరు ఆ సిగ్గు మొయ్యాలి కదా. నాకెలాగూ సిగ్గు లేదు, అందుకని నేను మోస్తే తేలిగ్గా ఉంటుంది."

టీచరమ్మ ఆయన బదులు ఏదో ఒక బొత్తాం నొక్కేసింది.

మర్నాడు మీటింగుకు బాబాయ్ తన కప్పుతో వచ్చి పాత కుర్చీలో కూర్చున్నాడు. మెరుపు లేచాడు. వేగం తగ్గించి, మొదటిసారి ఒక్కో మాటా విడివిడిగా పలికాడు.

"బాబాయ్ గారూ, రస్ట్ నుంచి సి కి వెళ్ళిన పొట్లం ఎవరు పారేయాలో నాకు తెలియదు. చెప్పండి."

"తెచ్చినవాళ్ళకే తిరిగిచ్చెయ్యాలి. వాళ్ళే పారేస్తారు" అన్నాడు బాబాయ్. "సి వైపు వాడడం అయిపోగానే రస్ట్‌కు వెనక్కి పంపితే చాలు."

అని టీ తాగాడు. ఇక ఏమీ అనలేదు. టీచరమ్మ రాసుకుంది, మెరుపు రాసుకున్నాడు. ఇద్దరికీ ఏం చేయాలో తెలిసిపోయింది. నిజానికి ఆ సాయంత్రానికే సరిచేశారు, ఆసుపత్రివాళ్ళు వచ్చినప్పుడు లిఫ్టు రోజంతా ఆగకుండా తిరిగింది, టీచరమ్మను ఉంచుకుంటున్నామని కాగితం కూడా వచ్చింది. కాని ఆ క్షణంలో ఆ గదిలో ఎవరికీ సంతోషంగా లేదు. విందుకు పిలిచి మంచినీళ్ళిచ్చి పంపినట్టుంది.

"అంతేనా?" అన్నాడు మేనేజరు.

"అంతేగా. అడిగారు, చెప్పాను."

"ఎవరి ఇల్లూ లేదా ఇందులో? పెదనాన్న గాని, మేనత్త గాని?"

"అర్థమైందన్నారుగా బాబూ."

"అయిందండీ" అన్నాడు మెరుపు, చెవులు ఎర్రబడుతుంటే. "అయినా సరే."

బాబాయ్ ఒక్కొక్కరి మొహమూ చూశాడు. టీచరమ్మ అప్పటికే పెన్ను మూసేసి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఆయన కప్పు పక్కకు జరిపి, కుర్చీ ముందుకు లాక్కుని, గొంతు సవరించుకున్నాడు.

"సరే అయితే. అనగనగా ఇద్దరు తోడికోడళ్ళు, ఇద్దరికీ కలిపి ఒకటే గిన్నె..."

మేనేజరు లేచి వెళ్ళి, బయటి చప్పుడు వినబడకుండా తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.